రోజుకు 10 పౌండ్ల అద్దె ఓడ

1805లో ఫ్రాన్స్, స్పెయిన్ ఓడల్ని బ్రిటన్ ఓడించిన ట్రఫాల్గర్ యుద్ధం అనగానే గుర్తొచ్చేది బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్, ఆయన ఎక్కిన విక్టరీ ఓడ. దాని మీద 104 ఫిరంగులు, 800 మందికి పైగా మనుషులు. ఆ గెలుపు కబురునూ, నెల్సన్ పోయాడన్న కబురునూ ఇంగ్లండుకు మోసుకెళ్లింది మాత్రం 73 అడుగుల బుల్లి ఓడ. రెండు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆపితే ఎంత పొడవో అంతే. పేరు పికిల్. మనకు వెంటనే ఊరగాయ జాడీ కళ్ల ముందుకొస్తుంది గానీ, అల్లరి పిల్లాణ్ని కూడా ఇంగ్లిషువాళ్లు పికిల్ అనేవారు. ఈ పిల్ల ఓడ నౌకాదళంలోకి అడుగుపెట్టింది అద్దెకే.

1800లో జమైకా దగ్గరి బ్రిటిష్ దళానికి లార్డ్ హ్యూ సీమోర్ అధిపతి. ఉత్తరాలు మోయడానికి, పెద్ద ఓడలకు తోడుగా తిరగడానికి ఆయనకు చురుకైన చిన్న ఓడ కావాలి. ఓడలు కొనొద్దని లండన్ నుంచి గట్టి ఆదేశం. దాంతో బెర్ముడాలో కట్టిన స్టింగ్ అనే ఓడను రోజుకు 10 పౌండ్లకు అద్దెకు తీసుకున్నాడు. ఇది మనకు తెలియని కథేమీ కాదు. ఆఫీసుకు కారు కొంటామంటే ఫైలు కదలదు, అదే కారును కిరాయికి తిప్పితే బిల్లు నెలనెలా పాసవుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు సీమోర్‌కు విసుగొచ్చినట్టుంది. 1801 జనవరిలో ఆదేశాన్ని పక్కన పెట్టి 2,500 పౌండ్లకు ఓడను కొనేశాడు. అంటే 250 రోజుల అద్దె. జరిగిపోయిన బేరానికి పైవాళ్లు చేసేదేముంది, పేరు మార్చమని ఉత్తర్వు పంపారు, అంతే. స్టింగ్ పికిల్ అయింది. ఆ సెప్టెంబరులోనే సీమోర్ పచ్చ జ్వరంతో పోయాడు. నన్నడిగితే, ఆయన చేసిన లెక్క సరైనదే. పికిల్ ఏడున్నరేళ్లు పనిచేసింది. అన్నాళ్లూ అద్దె కట్టి ఉంటే 27 వేల పౌండ్లు దాటేది.

అయితే అద్దె పద్ధతి అంత తెలివితక్కువదేం కాదు. ఫ్రాన్స్‌తో సాగిన ఆ సుదీర్ఘ యుద్ధంలో బ్రిటన్ చిన్న ఓడల్ని చాలానే కిరాయికి తెచ్చుకుంది. పెద్ద యుద్ధనౌక కట్టడానికి ఏళ్లు పడుతుంది. శత్రువు రేవు ముందు కాపలా, సరుకు ఓడలకు తోడు, ఉత్తరాల చేరవేత లాంటి పనులు అప్పటిదాకా ఆగవు. ఓడ యజమానితో ఒప్పందం రాసుకుని, పైన నౌకాదళం లెఫ్టినెంటును కూర్చోబెట్టేవారు. మామూలు అరుగుదల, రిపేర్లు యజమానివి. శత్రువు చేతిలో ఓడ పోతే ఆ నష్టం సర్కారుది.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ‘అద్దె’ అన్న మాట వినగానే అదేదో పక్క పని అనిపిస్తుంది, అక్కడే మనం పొరబడతాం. 1797 జులైలో స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవి మీద నెల్సన్ చేసిన రాత్రి దాడినే చూడండి. ఆయన కుడి చేయి పోయింది అక్కడే. అదే రాత్రి, మనుషులతో కిక్కిరిసి ఒడ్డుకు వెళ్తున్న ఫాక్స్ అనే అద్దె కట్టర్‌కు (వేగంగా పోయే చిన్న తెరచాప ఓడ) గుండు తగిలి మునిగిపోయింది. దాదాపు 97 మంది పోయారు, దాన్ని నడిపిన లెఫ్టినెంట్ గిబ్సన్ కూడా. నెల్సన్ చేయి సంగతి తెలిసినవాళ్లలో ఫాక్స్ పేరు విన్నవాళ్లు ఎంతమంది?

కిరాయి ఓడలన్నీ ఇంత తెగించాయనీ అనలేం. ఇదే యుద్ధం 1804 సెప్టెంబరు 15న మన విశాఖపట్నం రేవు దాకా వచ్చింది. ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మూడు ఓడలతో వస్తే ఎదురు నిలిచి కొట్టింది సెంచూరియన్ అనే యుద్ధనౌక ఒక్కటే. ఈస్టిండియా కంపెనీ ఎక్కువగా యజమానుల దగ్గర కిరాయికి తీసుకునే రకం సరుకు ఓడలు రెండు దాని పక్కనే ఉన్నాయి. ఒకటి ఒడ్డుకెక్కి పగిలింది, ప్రిన్సెస్ షార్లెట్ పోరాడకుండానే లొంగిపోయింది. దాని కెప్టెన్‌ను తప్పుపట్టాలని నాకనిపించదు. సరుకు కోసం కట్టిన ఓడ అది.

మళ్లీ పికిల్ దగ్గరికి వద్దాం. 1805 అక్టోబరులో లెఫ్టినెంట్ లాపెనోటియేర్ దాన్ని స్పెయిన్‌లోని కాడిజ్ రేవుకు బాగా దగ్గరగా తీసుకెళ్లి, లోపలున్న శత్రువు ఓడల్ని లెక్కబెట్టి వచ్చాడు. 21న యుద్ధం జరుగుతున్నంత సేపూ దూరంగానే ఉన్నాడు. పెద్ద ఓడ వేసే ఒక్క వరస దెబ్బకు పికిల్ మిగలదు మరి. ఫ్రెంచి ఓడ ఆషీల్ తగలబడి పేలిపోతున్నప్పుడు మాత్రం దగ్గరికెళ్లి నీళ్లలో పడ్డవాళ్లను ఎక్కించుకుంది. చివరికి ఓడలో సిబ్బంది కంటే ఖైదీలే ఎక్కువయ్యారు.

26న, నెల్సన్ తర్వాత దళం పగ్గాలు పట్టిన కాలింగ్‌వుడ్ ఉత్తరాలతో పికిల్ బయల్దేరింది. దారిలో తుపాను. బరువు తగ్గించడానికి ఉన్న కాసిని ఫిరంగుల్లో కొన్నిటిని సముద్రంలో పారేశారు. యుద్ధనౌక కొరియర్ బండిగా మారింది అక్కడే. నవంబరు 4న ఇంగ్లండులోని ఫాల్మత్ రేవు చేరారు. అక్కడి నుంచి లాపెనోటియేర్ లండన్‌కు గుర్రపు బండి ఎక్కాడు. 271 మైళ్లు, 21 చోట్ల గుర్రాల మార్పు, సుమారు 37 గంటలు. బండి ఖర్చు 46 పౌండ్ల 19 షిల్లింగుల 1 పెన్నీ. స్టింగ్‌కు కట్టిన అద్దెతో పోలిస్తే దాదాపు ఐదు రోజులది.

6వ తేదీ రాత్రి ఒంటిగంటకు నౌకాదళాన్ని నడిపే అడ్మిరాల్టీ భవనంలో కార్యదర్శి మార్స్‌డెన్ పడుకోబోతున్నాడు. కబురు విని కొవ్వొత్తి పట్టుకుని నౌకాదళ మంత్రి బార్హామ్ గది కోసం వెతికాడు. నౌకర్లు కూడా నిద్రపోవడంతో ఏ గదో తెలియలేదు. చివరికి మంచం తెర పక్కకు తీసి లేపితే, 79 ఏళ్ల ఆ పెద్దాయన కంగారేమీ పడకుండా ఏమిటి వార్త అని అడిగాడట.

లాపెనోటియేర్‌కు ప్రమోషన్, 500 పౌండ్లు దక్కాయి. పికిల్‌కు మళ్లీ అవే పనులు. 1807 జనవరిలో ఒక ఫ్రెంచి ప్రైవేటు యుద్ధ ఓడను పట్టుకుంది. 1808 జులైలో మళ్లీ ఉత్తరాలతోనే కాడిజ్‌కు వెళ్లింది. స్పెయిన్ అప్పటికి బ్రిటన్ వైపు తిరిగింది. దొంగచాటుగా ఓడల్ని లెక్కబెట్టిన రేవులోకి ఈసారి స్నేహితురాలిగా పోతూ, చిపియోనా దగ్గర తీరపు మిట్టకు తగిలి పగిలిపోయింది. అందరూ బతికారు.