గౌరవనీయులైన 'నిన్న' గారికి

అయ్యా,

మీరు క్షేమమని తలుస్తాను. క్షేమం కాక మీకేం? ఈ ఆదివారం నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తార్నాక నుంచి గండిపేట దాకా నిద్రకళ్లతో బండి నడిపి, మడమల లోతు బురదలో దిగబడుతూ ట్రైపాడ్ నిలబెట్టి తలెత్తేసరికి, తమరు అప్పటికే విచ్చేసి, చూడాల్సినవన్నీ చూసి వెళ్లిపోయారు.

ఆ సంగతి అక్కడ టీ అమ్మే పెద్దాయన చెప్పాడు. "నిన్న వచ్చి ఉంటే బాగుండేది సార్. గులాబీ రంగు చీర ఆరేసినట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అవే!" అంతటితో ఊరుకోలేదు, ఫోను తీశాడు. పగిలిన అద్దం వెనక పద్నాలుగు సెకన్ల వీడియో. మోకాటి లోతు నీళ్లలో రాజహంసలు తలలు తలకిందులుగా ముంచి, ముక్కుతో నీళ్లు వడకట్టుకుంటూ మేస్తున్నాయి. ఒకటి తలెత్తి నేరుగా ఆయన ఫోనులోకి చూసింది. ఓ మూల ఆయన బొటనవేలు కూడా పడింది. అయినా సరే, నేను ఇన్నేళ్లుగా తీసిన ఫోటోలన్నిటికన్నా అదే బాగుంది. నా లెన్సుకు ఇంకా పదకొండు వాయిదాలు కట్టాలి.

"మరి ఏమయ్యాయి?" అన్నాను. సాయంత్రం ఎవరో కాబోయే దంపతులు ఫోటోల కోసం డ్రోను ఎగరేశారట. పెళ్లి వాళ్లకు, లేచిపోయింది మాత్రం పక్షులు.

ఇదే మొదటిసారి అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. సెలవు పెట్టి మరీ పులికాట్‌కు వెళ్లాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా సరస్సే. నాకు దొరికింది ఎండ. "నిన్న రోడ్డు పక్కకే వచ్చాయి సార్." నేలపట్టులో గూడబాతులు చెట్ల నిండా ఉన్నాయి, కాదనను. కానీ అవన్నీ నాకు వీపు తిప్పి కూర్చున్నాయి. పిల్లలకు చేపలు తినిపించడం? నిన్న. అంతకుముందు ఇంకోచోట మీ పెద్దన్నయ్య మొన్నగారు ఈ పనే చేశారు. మీ కుటుంబంలో ఒక్కరికీ నా మీద దయ లేదు. 1930ల మొదట్లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సాలిం అలీ గారికి కూడా ఏదో ఒక చెరువు గట్టున ఎవరో ఒకరు మీ పేరు చెప్పే ఉంటారని నా అనుమానం. ఆయన పెద్దమనిషి కనుక ఓర్చుకున్నారు.

నా చిన్నప్పుడు ఊళ్లో ఇళ్ల తలుపుల మీద బొగ్గుతో 'రేపు రా' అని రాసేవారు. దయ్యం వచ్చి, చదువుకుని, వెనక్కి వెళ్లేదట. ఆలోచిస్తే దయ్యానికి దక్కిన మర్యాద కూడా నాకు లేదు. దానికి రేపు అనే ఆశైనా ఉంది. నన్ను నిన్న రమ్మంటున్నారు.

పక్షులతో ఆగి ఉంటే సర్దుకుపోయేవాణ్ణి. మాసబ్ ట్యాంకులో బస్సు దిగి ట్యాంకు ఏదని అడిగితే ఎవరి పేరు చెబుతారు? నల్లకుంటలో కుంట ఎవరి దగ్గరుంది? అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం భయం వేసింది. వారసత్వం తమరి శాఖ కదా!

గండిపేట దారిలో పోయిన ఏడాది ఒక చిన్న కుంట ఉండేది. పేరు కూడా లేనిది. అందులో ఓ బుడుబుంగ తన పిల్లను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంటే మూడు గంటలు గట్టున బోర్లా పడుకుని చూశాను. రెక్కల మధ్య నుంచి చారల తల ఒక్కటే బయటికి వచ్చేది. తల్లి మునిగినప్పుడల్లా పిల్ల బెండులా తేలి, బిత్తరపోయి చుట్టూ చూసేది. ఈ ఆదివారం తిరిగి వస్తూ అక్కడ బండి ఆపాను. లారీలు తిరగబోసిన మట్టిగుట్టలు, విరిగిన టైల్సు, వాటి మధ్య తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు. పక్కన కుర్చీ వేసుకుని ఒకతను కూర్చున్నాడు. అతన్ని ఏమీ అడగలేదు. నోరు తెరిస్తే ఎవరి పేరు చెబుతాడో నాకు తెలుసు.

ఇంకా నీకు 'గారు' ఏమిటి, 'తమరు' ఏమిటి! రాజహంసలు రెక్కలున్నవి, నువ్వు తరిమితే ఇంకో చెరువు వెతుక్కుంటాయి. ఆ కుంట ఎక్కడికి ఎగిరిపోయిందిరా?

వచ్చే ఆదివారం మంజీరా అభయారణ్యానికి వెళ్దామనుకున్నాను. మనసు మార్చుకుని శనివారమే బయలుదేరుతున్నాను. నువ్వు శుక్రవారమే అక్కడికి చేరతావని తెలుసు. వెళ్లు. మొసళ్లున్న నీళ్లవి. ఒడ్డున ఆగకు, లోపలికి దిగి మరీ చూడు.

ఇట్లు,
ఎప్పుడూ ఒకరోజు ఆలస్యంగా,
తార్నాక నుంచి