తెల్లపొడి నూరిన నల్ల గోపురం

ఇంగ్లండ్‌లోని హంబర్ వంతెనను చూడవచ్చినవారి చూపంతా పైనే ఉంటుంది. రెండు స్తంభాల మధ్య 1410 మీటర్ల దూరంతో, 1981లో ప్రారంభమైన నాటికి ప్రపంచంలో దాన్ని మించిన వేలాడే వంతెన లేదు. దాని ఉత్తరపు కొసన, హెజిల్ అనే ఊరి నది ఒడ్డున, తారు పూసిన ఇటుక గోపురం ఒకటి రెక్కలు లేకుండా నిలబడి ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో కట్టిన గాలిమర అది. అది ధాన్యం పట్టలేదు, సుద్దరాయిని నూరింది.

నూరడం అందులో సగం పనే. పక్కనే ఉన్న క్వారీలో తవ్విన సుద్దను పగలగొట్టి, నీళ్లు కలిపి, నిలువుగా దొర్లే రాతి చక్రాల కింద నలిపేవారు. పాలలా మారిన ఆ నీటిని తొట్లలోకి వదిలితే ఇసుక, గరుకు ముందుగా అడుగుకు దిగేవి. మెత్తని సుద్ద ఆలస్యంగా పేరుకునేది. ఆ ముద్దను ఆరబెట్టి పొడి చేస్తే వెల్లకు, రంగులకు, కిటికీ అద్దాలు బిగించే పుట్టీకి పనికొచ్చేది. గోపురానికి మామూలు గాలిమరల్లా నాలుగు కాదు, ఐదు రెక్కలుండేవి. 1925లో వాటిని తీసేశారు.

గోపురానికి చట్టబద్ధమైన రక్షణ ఉంది. సంతోషమే. కానీ గోపురం ఒక్కటీ ఆ కార్ఖానా కాదు. క్వారీ నేడు చెట్లు కమ్ముకున్న ఉద్యానవనం; అక్కడ నడిచేవారికి తాము తిరుగుతున్నది ఒక పని స్థలమని తెలియాలి. క్వారీ, మర, తొట్లు, ఆరబెట్టే పాకలు, నది ఒడ్డు కలిపి ఒకే కథగా చెప్పినప్పుడే అక్కడ చెమటోడ్చిన వారికి న్యాయం జరుగుతుందని మా అభిప్రాయం. రాజుల కోటలకు దక్కే శ్రద్ధ, పుట్టీ పొడి చేసిన చోటుకూ దక్కాలి.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. మన పాత కట్టడాలకు సున్నం నూరిన గానుగల్లోనూ ఇలాగే రాతి చక్రం నిలువుగా దొర్లేది. గాలికి బదులు ఎద్దులు తిప్పేవి. సిమెంటు వచ్చాక వాటి అవసరం తీరిపోయింది. గుడికి, కోటకు రక్షణ ఫలకం పెడతాం. ఆ గోడను నిలబెట్టిన గానుగ రాయి పొలం గట్టునో, రోడ్డు పక్కనో పడి ఉంటే కన్నెత్తి చూడం. రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలూ మిగిలిన సున్నపు గానుగలను ఊరూరా గుర్తించి జాబితా రాయించాలి. వాటిని తిప్పిన పెద్దలు ఎక్కడైనా ఉంటే, ఏ పాళ్లలో ఏమేం కలిపేవారో వారి నోటే చెప్పించి నమోదు చేయాలి. ఈ పని రాళ్లను ఎత్తుకెళ్లి మ్యూజియంలో పెట్టడం కన్నా ముందు జరగాలి.