రాళ్ళ మీద వెలసిన పాచి గారికి

పాచి గారూ,

నమస్కారం. గృహప్రవేశం మా చేతుల మీదుగా జరగాలనుకున్నాం. మీరే కానిచ్చేశారు.

ఇంట్లో పగడాలు పెంచుదామని 200 లీటర్ల ఉప్పునీటి అద్దాల ట్యాంకు, 20 కిలోల తెల్లటి ఎండు రాయి, అరగొనైట్ ఇసుక, నీటిని కదిలించే రెండు వేవ్‌మేకర్లు, నురగతో మురికి లాగే స్కిమ్మర్, హైదరాబాదు ఎండలకు నీటిని చల్లబరిచే చిల్లర్, పైన నీలి ఎల్‌ఈడీ, అన్నీ అమర్చాం. లీటరుకు 36 నుంచి 39 గ్రాముల లెక్కన రీఫ్ సాల్టు కలిపి లవణీయత 35 పీపీటీకి (వెయ్యికి 35 వంతులకు) తెచ్చాం. అమ్మోనియా, నైట్రైటు సున్నాకి దిగేదాకా నెల పైన ఖాళీ నీళ్ళ ముందు కూర్చున్నాం. జత క్లౌన్ చేపల్ని వదిలి ఫొటో తీద్దామనేసరికి ఇసుక మీద కాఫీపొడి చల్లినట్టు మీరు.

ఆ మొదటి అవతారం డయాటమ్‌లనే సూక్ష్మ పాచిదని తెలుసు. గూడు కట్టుకోవడానికి వాటికి సిలికా కావాలి. కొత్త ఇసుకలోనూ నీళ్ళలోనూ ఉన్నది అయిపోగానే రెండు మూడు వారాల్లో వాటి దారిన అవే పోతాయి. అప్పుడు ఏ మందు సీసా పోసినా పేరు ఆ సీసాకే వస్తుంది. కంపెనీలకు మీరు చేసే ఉపకారాల్లో ఇది మొదటిది.

రెండు నెలలైనా పోలేదంటే మాత్రం తప్పు మీది కాదు, మా వంటింటి ఆర్‌ఓ మెషీనుది. అది మనిషి నాలుక కోసం చేసిన యంత్రం. వడపోసిన నీళ్ళు చప్పగా ఉంటాయని టీడీఎస్ (నీళ్ళలో కరిగినవాటి మొత్తం) కంట్రోలర్‌తో కొంత పచ్చినీటిని మళ్ళీ కలుపుతుంది, అది చాలదన్నట్టు మినరల్ కార్ట్రిడ్జ్ ఒకటి. మీటరు ముంచితే 50 అంటుంది, 80 అంటుంది. 'తాగే నీళ్ళే కదా' అని పోసేస్తాం. మేం తాగడానికి మంచివే, మీరు తాగడానికి ఇంకా మంచివి. వేసవిలో రోజుకు మూడు లీటర్లు ఆవిరైతే నెలకు 90 లీటర్లు పోయాలి. ఆవిరయ్యేది నీరొక్కటే. దాంతోపాటు వచ్చిన సిలికా, నైట్రేటు, ఫాస్ఫేటు లోపలే ఉండిపోతాయి. ఒకటో తారీఖు తప్పకుండా మీకు జీతం వేస్తున్నట్టే లెక్క.

అందుకే ఆర్‌ఓ మెంబ్రేన్ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టుకునే గుళికలు) పెట్టి టీడీఎస్‌ను సున్నా చేయాలి. బోరు నీళ్ళు 800 ఉన్న చోట మెంబ్రేన్ 95 శాతం ఆపినా 40 మిగులుతుంది, ఆ బరువంతా రెజిన్ నెత్తిన పడుతుంది. ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. రెజిన్ అలసిపోతున్నప్పుడు మొదట జారిపోయేవాటిలో సిలికా ఒకటి. అది కరెంటును దాదాపుగా మోయదు, అందుకే మీటరు ఇంకా సున్నా చూపిస్తూనే ఉంటుంది. సున్నా 1 అయిన రోజే రెజిన్ మార్చాలి. '5 దాటాక చూద్దాం' అనేవాళ్ళు మీ అభిమాన సంఘం సభ్యులు.

ఇక ఎండు రాయి. సముద్రం నుంచి పెకలించిన రాయి అయితే మీకు పోటీగా బోలెడంత జీవం దాని మీదే వచ్చేది. కానీ ఆ రాయిని కట్టేవి పగడాలే, రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి సరసన ఉన్నాయి. మన తీరంలో వాటిని ముట్టుకోకూడదు, అది న్యాయమే. కాబట్టి ఎండు రాయే గతి. అంటే మీకు పోటీ లేని ఖాళీ ప్లాటు. పైగా అందులో పాతుకున్న నిధి కూడా ఉంటుంది: కాల్షియం కార్బొనేటుకు ఫాస్ఫేటు అంటుకుని కూర్చుంటుంది. నీళ్ళలో తగ్గితే రాయి వదులుతుంది, పెరిగితే పీల్చుకుంటుంది. జీఎఫ్‌ఓ (ఫాస్ఫేటును పట్టుకునే ఇనుప గుళికలు) వేసి ఫాస్ఫేటును 0.03 పీపీఎంకి (లీటరుకు మిల్లీగ్రాముల లెక్క) దించామని పండగ చేసుకుంటే, వారం తిరిగేసరికి మళ్ళీ 0.1. కొన్న రాయిని ముందే ఒక డ్రమ్ములో, చీకట్లో, నీరు కదిలేలా పెట్టి, ఫాస్ఫేటు కొలుస్తూ నీళ్ళు మారుస్తూ నెలా రెండు నెలలు నానబెడితే ఈ బాకీ సగం తీరుతుంది. మినప్పప్పును ఆరు గంటలు ఓపిగ్గా నానబెట్టే ఇళ్ళలోనే రాయిని ఆరు రోజులు కూడా నానబెట్టరు.

తిండి సంగతి కూడా విప్పాలి. పొడి మేతలో బరువుకు సుమారు 1 శాతం భాస్వరం ఉంటుంది. రోజుకు గ్రాము వేస్తే 10 మిల్లీగ్రాముల భాస్వరం, ఫాస్ఫేటు లెక్కలో 30 మిల్లీగ్రాములు. 200 లీటర్లకు అది రోజుకు 0.15 పీపీఎం. మేం కోరుకునేదేమో మొత్తానికి 0.03 నుంచి 0.1 మధ్య. రెండు చేపలకు చిటికెడు చాలని తెలుసు, కానీ అవి అద్దం దగ్గరకొచ్చి నోరు తెరిస్తే కడుపు నిండని బిడ్డను చూసినట్టు ఉంటుంది. అడుగున పడిన ఎంగిలి మీకు. 'వారం వారం 10 శాతం నీళ్ళు మారుస్తున్నాంగా' అని ధీమా ఒకటి. నైట్రేటు 20 ఉంటే ఆ మార్పుతో 18 అవుతుంది. తగ్గిన ఆ రెండూ కొద్ది రోజుల మేతతోనే తిరిగొస్తాయి.

అయితే ఆకలితో చంపుదామంటే పేచీ ఏమిటంటే, మేం పోషిస్తున్న పగడం తినే అన్నంలో పెద్ద వాటా వండిపెట్టేది దాని ఒంట్లో కాపురముండే జూగ్జాంతెల్లే. పేరు ఏదైతేనేం, అదీ మీ వంశమే. దానికీ అదే వెలుగు కావాలి, అదే నైట్రేటు, అదే ఫాస్ఫేటు కావాలి. వేలు పోసి ఒక పాచిని కొని తెచ్చుకుని, ఊరికే వచ్చిన పాచిని తిట్టుకుంటున్నాం. ఒకే కంచంలో ఇద్దరూ తింటుంటే ఒక్కరినే పస్తు పెట్టే ఉపాయం ఇంతవరకు దొరకలేదు.

దొరికిందనుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి మీకు తెలిసే ఉంటుంది, మీ పెత్తండ్రి కొడుకుల్ని పిలిచి పీట వేసేది వాళ్ళే. జీఎఫ్‌ఓ రియాక్టరు నిండా, పక్కన కార్బన్ డోసింగు (నైట్రేటు, ఫాస్ఫేటు తినే బ్యాక్టీరియాకు మేత), స్కిమ్మర్ రాత్రింబవళ్ళు. టెస్టు కిట్టులో నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు సున్నా. రాయి మీద మీరు పలచబడ్డారు. మర్నాటి నుంచి ఇసుక మీద గోధుమరంగు చీమిడి, దారాలు దారాలుగా, కొసన గాలిబుడగలతో. పొద్దున లైటు పడగానే పెరుగుతుంది, రాత్రికి మాయం. నత్తలు చచ్చిపోతాయి. డైనోఫ్లాజెల్లేట్లు (ముద్దుగా డైనోలు) అనే సూక్ష్మజీవులు దిగాయన్నమాట. పోటీదారులందరినీ పస్తులతో మేమే వెళ్ళగొట్టాం కదా, మైదానం వాటిదే. పెనం మీంచి పొయ్యిలో పడటం అంటే ఇదే.

అనుమానం తీరాలంటే ఆ చీమిడిని చిన్న సీసాలో నీళ్ళతో పట్టి, గట్టిగా కుదిపి, కాఫీ వడపోసే కాగితంలోంచి వడకట్టి, ఆ తేట నీటిని గంటసేపు వెలుగులో ఉంచాలి. మళ్ళీ తీగలుగా అల్లుకుంటే అవి డైనోలే. 400 రెట్ల మైక్రోస్కోపు ఉంటే ఇంకా మంచిది. కన్నీటిబొట్టు ఆకారంలో ఒకచోట కట్టేసినట్టు గిరగిరా తిరిగితే అది ఆస్ట్రియోప్సిస్ అనే రకం డైనో. అది రాత్రి నీళ్ళలోకి లేస్తుంది కాబట్టి యూవీ లైటు పనిచేస్తుంది. ఆంఫిడీనియం అనే రకమైతే ఇసుక వదిలి రాదు, యూవీ కొనడం దండగ. రెండింటికీ ముందు చేయాల్సింది, నవ్వకండి, మీకు మళ్ళీ అన్నం పెట్టడం. సోడియం నైట్రేటు 1.37 గ్రాములు కరిగించి పోస్తే 200 లీటర్లలో నైట్రేటు 5 పీపీఎం పెరుగుతుంది. ఫాస్ఫేటు కూడా కొలిచి పోయాలి. సాయంత్రం పోసింది పొద్దుటికి రాయి మింగేస్తుంది, మళ్ళీ పోయాలి. అన్ని డబ్బులు పెట్టి తీసిందాన్ని డబ్బులు పెట్టి పోస్తుంటే, ఇంట్లోవాళ్ళకు వివరించడం కష్టమే.

ఆ సున్నా సంగతి ఇంకొకటి. మీరు గుబురుగా ఉన్న ట్యాంకులోనూ కిట్టు సున్నా చూపిస్తుంది. నీళ్ళలోకి రాకముందే మీరు తినేస్తున్నారు కాబట్టి. వడ్డించగానే ఖాళీ అయిన విస్తరిని చూసి 'అసలు భోజనమే లేదు' అనడం లాంటిది ఆ రీడింగు. ఫాస్ఫరస్ చెకర్ అనే చిన్న మీటరు వాడేవాళ్ళు మరో తప్పు చేస్తారు. అందులో వచ్చే అంకె భాస్వరం, పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు). 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేటు పీపీఎం వస్తుంది. 16 వస్తే 0.049, అంటే బాగున్నట్టే. గుణించకుండానే కంగారుపడి, జీఎఫ్‌ఓ డబ్బా మొత్తం కుమ్మరించే వీరులున్నారు. వేయక తప్పకపోతే డబ్బా మీద రాసిన దాంట్లో పావు వంతుతో మొదలుపెట్టాలి.

రెండు మూడు నెలలకు మీరు పచ్చని జుట్టుతో దర్శనమిస్తారు. ఈ అవతారానికి మా దగ్గర ఉన్న అసలైన ఆయుధం పళ్ళు తోముకునే బ్రష్షు. పంటి మీద పాచికీ, రాతి మీద పాచికీ భాష ఒకటే పేరు పెట్టింది ఊరికే కాదు. రాయిని బయటికి తీసి, ట్యాంకు నీళ్ళే పోసిన బకెట్లో తోమాలి. లోపలే తోమితే మీ తుంపులు ప్రతి మూలకీ చేరి పిల్లల్ని పెడతాయి. కదపలేని రాయైతే ఒక చేత్తో తోముతూ ఇంకో చేత్తో పైపుతో లాగేయాలి. మిగిలిన మొదళ్ళకు హైడ్రోజన్ పెరాక్సైడు. మెడికల్ షాపులో దొరికేది సాధారణంగా 6 శాతం. సగానికి సగం నీళ్ళు కలిపి 3 శాతం చేసి, రాయి బయట ఉండగానే చుక్కలు వేసి, రెండు మూడు నిమిషాలు నురగ చూసి, ఉప్పునీళ్ళతో కడిగి లోపల పెట్టాలి. రొయ్యలకు పెరాక్సైడు పడదు, ట్యాంకులో పోసే సాహసం వద్దు.

మేత తగ్గించడం మీద నమ్మకం లేక, ఆశంతా నత్తల మీద పెట్టుకునేవాళ్ళకు ఒక మాట. మీరు అంగుళం పొడుగు పెరిగాక టర్బో నత్త కూడా మూతి తిప్పుకుంటుంది. ముందు జుట్టు కత్తిరించి ఇవ్వాలి. తెచ్చిన నత్తల్ని గంటసేపు చుక్కచుక్కగా నీళ్ళకు అలవాటు చేయకపోతే మర్నాటికి అవే మీకు ఎరువు. ఆస్ట్రేయా అనే జాతి నత్త వెల్లకిలా పడితే లేవలేదు, రోజూ ఎవరో ఒకరు తిప్పి పెట్టాలి. 200 లీటర్లకు నాలుగైదుతో మొదలుపెడితే చాలు. యాభై తెస్తే మీరు అయిపోయిన వారానికి నలభై పస్తుంటాయి.

లైటు గురించి రెండే మాటలు. ట్యాంకు సైకిల్ అయ్యే, అంటే అమ్మోనియా, నైట్రైటు సున్నాకి దిగే, నెలంతా లైటు అక్కర్లేదు, బ్యాక్టీరియా చీకట్లోనూ పనిచేస్తుంది. తర్వాత రోజుకు ఆరు గంటలు, తెలుపు, ఎరుపు తగ్గించి. కిటికీ ఎండ మీకు బోనస్ కాబట్టి తెర వేయండి అని మాకు మేమే చెప్పుకుంటాం.

ఎర్రటి దుప్పటిలా పరుచుకునే సయనో (సయనోబ్యాక్టీరియా) మీ ఇంటిపేరు వాడుకుంటుంది కానీ నిజానికి బ్యాక్టీరియా. దాదాపు 240 కోట్ల ఏళ్ళ కిందట భూమి గాలిలో ఆక్సిజన్ పెరగడానికి కారణమైన జాతి, అందుకని కాస్త గౌరవంగా పైపుతో లాగి, నీటి ప్రవాహం అటు తిప్పి, అడుగున కుళ్ళేదాన్ని తీసేస్తాం. ఈకలా, ఫెర్న్ ఆకులా పెరిగే బ్రయోప్సిస్‌ను మాత్రం తోమినా లాభం లేదు. అప్పుడే ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందు: 200 లీటర్ల నీటికి 150 మిల్లీగ్రాముల మాత్రలు 7, పొడి చేసి. మందును పీల్చేసే ఫిల్టరు బొగ్గు (కార్బన్) తీసేసి, స్కిమ్మర్ కప్పు తీసి, 14 రోజులు. అది చచ్చి కుళ్ళినప్పుడు వదిలే నైట్రేటు, ఫాస్ఫేటు తినడానికి మీరు చుట్టంగా వస్తారని తెలిసే వేయాలి.

పాచి గారూ, మిమ్మల్ని వెళ్ళగొట్టే మందు కాదు, మీ సీటులో కూర్చునేవాళ్ళు కావాలి. రాయి మీద గులాబీరంగు కోరలీన్ చుక్కలు కనబడుతున్నాయి. అదీ పాచేనట, మీకే చెప్పాలి మరి. కాల్షియం 420 పీపీఎం, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8 డీకేహెచ్ దగ్గర కదలకుండా ఉంచుతున్నాం, అది పాకడానికి.

ఇట్లు,
మీకు కరెంటు బిల్లు కడుతున్న
ట్యాంకు యజమానులు

తా.క.: ముందు అద్దం మీద రెండు రోజులకోసారి మాగ్నెట్ తిప్పుతాం. వెనక అద్దం ముట్టుకోం. నత్తలకు అక్కడే వడ్డిస్తున్నాం, మీరు అక్కడ ఉండొచ్చు.