నలభై ఒకటో పేజీ

ఏడో తరగతి తెలుగు క్లాసుకు ఈ ఏడాది రూల్స్ పెట్టింది నేనే. ఎవరూ పెట్టమనలేదు. జూన్ 12న బడి తెరిచిన రోజే, ఎండాకాలం సెలవుల్లో పోగైన ఉత్సాహమంతా పెద్ద చార్టు మీద స్కెచ్ పెన్నులతో రాసి గోడకు అంటించాను. కడప ఏడురోడ్ల దగ్గర నుంచి స్కూటీ మీద అరగంట పోతే మా బడి వస్తుంది. ఊరి పేరు చెప్పను, చెప్తే నా పరువుతో పాటు ఊరి పరువూ పోతుంది.

రూల్స్ పెద్ద గొప్పవేం కావు. నోట్సులో పైన తేదీ ఉండాలి. తప్పు రాస్తే రబ్బరుతో రుద్ది రుద్ది పేజీకి బొక్క పెట్టకుండా ఒక్క గీత కొట్టి పక్కన సరిగా రాయాలి. ఎడమ పక్క రెండు వేళ్ల వెడల్పు మార్జిన్ వదలాలి. ఎవరి వేళ్లో చెప్పకపోవడం నా తప్పే, మరుసటి రోజు ఒకడు వాళ్ల నాయన వేళ్లు పెట్టించుకుని గీత గీసుకొచ్చాడు. ఆయన బేల్దారి మేస్త్రీ. పేజీలో సగం మార్జినే.

ఆ తర్వాత డైరీ. ఇంటికి పోయి రోజూ ఐదు వాక్యాలు రాయాలి, చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, మీరు ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయండి, ఇందులో భాష తప్పులు పట్టను అని మాటిచ్చాను. పరీక్షలో 'వస్తున్నాను' అని రాసినా డైరీలో 'వచ్చాండా' అని రాసుకోవచ్చన్నమాట. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు అంత పోరాడింది ఇందుకే కదా అని కాసేపు ఆవేశంగా ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ చూసింది చూసినట్టు అన్న ముక్కే తర్వాత నా కొంప ముంచింది, ఆ సంగతికి వస్తాను.

ముందు వేళ్ల సంగతి చెప్పాలి. రోజూ మధ్యాహ్నం ఐదో పీరియడ్‌లో ఇరవై నిమిషాలు మౌనంగా చదవడం పెట్టాను. లైబ్రరీ బీరువా తాళం తీసి, తలా ఒక కథల పుస్తకం ఇచ్చి, ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ లేవకూడదు, నేను "ఇంక చాలు" అనేదాకా పుస్తకం మూయకూడదు అన్నాను. మాట్లాడకుండా అవసరాలు చెప్పుకోవాలి కాబట్టి ఒక వేలు చూపిస్తే మాటకు అర్థం తెలియలేదని, రెండు వేళ్లు చూపిస్తే వేరే పుస్తకం కావాలని గుర్తులు పెట్టాను. మన బళ్లల్లో ఒక వేలికి, రెండు వేళ్లకు మా తాతల కాలం నుంచి వేరే అర్థాలు ఉన్నాయన్న సంగతి, తెలుగు టీచర్నై ఉండి, ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ తెలీదు. రెండో రోజే మూడో బెంచీ కుర్రాడు రెండు వేళ్లు ఎత్తాడు. మొహం చెమటలు పట్టి ఉంది. పుస్తకం మీద అంత ఆత్రం ఉన్న పిల్లాడు దొరికాడని మురిసిపోతూ, బీరువాలో వెతికి వెతికి, దుమ్ము దులిపి, లావుపాటి పుస్తకం ఒకటి వాడి చేతిలో పెట్టాను. వాడు నా వైపు ఒక చూపు చూసి, ఆ పుస్తకం చంకలో పెట్టుకునే బయటికి ఒకటే పరుగు. పుస్తకం భద్రంగానే తిరిగొచ్చింది. రెండు వేళ్లను ఆ రోజే పాత అర్థానికి వదిలేశాను, ఒక వేలు మాత్రం నా రూల్ ప్రకారమే ఉంచాను.

ఈ చదవడం పీరియడ్‌కి ఒక పట్టిక కూడా గీశాను. పేరు, తేదీ, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా, ఈరోజు ఏం నచ్చింది. ముప్పై ఎనిమిది మంది పిల్లల పేర్ల కింద, ఆదర్శంగా ఉంటుందని, ముప్పై తొమ్మిదో పేరు నాదే రాసుకున్నాను. విజయవాడ పుస్తకాల పండగలో కొని రెండేళ్లుగా తెరవని నవల ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టుకున్నాను. తలుపుకు ఒక అట్ట తగిలించాను: "చదువుకుంటున్నాము. లోపలికి ఎవరు వచ్చినా కూర్చుని చదవాలి. మాట్లాడరాదు." నా గడులు నింపే పని లీడరమ్మాయికి అప్పజెప్పాను, నోట్సులు దిద్దుకునేదాన్ని నాకెక్కడ తీరుతుందని. ఆ పట్టిక నా కుర్చీ వెనక గోడకు ఉంటుంది. పిల్లలకు ఎదురుగా, నాకు వీపు వెనక. మూడు నెలలు నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఐదో పీరియడ్ అంటే ఏంటో చదువుతున్నవాళ్లలో టీచర్లు ఉంటే వాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పుడే భోజనాలు అయి ఉంటాయి. అన్నం, సాంబారు, గుడ్డు. రుచి చూడాలి కాబట్టి నేనూ ఒక ప్లేటు తింటాను, రుచి చూడడానికి ఒక గరిట చాలు అని మా ఆయన అంటాడు గానీ ఆయన బడికి రాలేదు కదా. సెప్టెంబరు అయినా కడపలో ఎండ తగ్గదు, పైన ఫ్యాన్ తిరుగుతోందో ఆగిందో కళ్లు పెట్టి చూస్తే గానీ తెలీదు, ముప్పై ఎనిమిది మంది పిల్లలు పిన్ డ్రాప్ సైలెన్సు, ఎదురుగా రెండేళ్ల కిందటి నవల.

గంట కొట్టిన చప్పుడుకు ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. ఇరవై నిమిషాలు కాదు, పీరియడ్ మొత్తం అయిపోయింది. పిల్లలు ఒక్కరూ కదల్లేదు, ముప్పై ఎనిమిది పుస్తకాలూ తెరిచే ఉన్నాయి. గదిలో మాత్రం ఏదో తేడా. చివరి బెంచీలో చోటు ఖాళీ చేసినట్టు పిల్లలు ఒక మూలకు ఒదిగి కూర్చున్నారు. బెంచీ మీద కథల పుస్తకం ఒకటి బోర్లా పెట్టి ఉంది. బోర్లా పెట్టకూడదన్నది నా తొమ్మిదో రూల్, మా పిల్లలు చచ్చినా పెట్టరు.

"ఎవరొచ్చారు?" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు గుర్తొచ్చి "ఇంక చాలు" అన్నాను.

"పెద్దాఫీసు సారు వచ్చినారు మేడం!" అని ముప్పై ఎనిమిది గొంతులు ఒక్కసారిగా పైకి లేచాయి.

"లేపొచ్చు కదమ్మా నన్ను!"

"మీరు ఇంక చాలు అనల్యా మేడం. లేయగూడదు, మాట్లాడగూడదు కదా," అంది లీడరమ్మాయి. ఆ పిల్ల మొహంలో రూల్ తప్పలేదన్న తృప్తి తప్ప ఇంకేం లేదు.

ఆ సాయంత్రం పిల్లల్ని అడిగితే తలా ఒకటి చెప్పారు, ఏం అర్థం కాలేదు. కానీ మరుసటి రోజు పొద్దున ముప్పై ఎనిమిది డైరీలు నా టేబుల్ మీద ఉన్నాయి, చూసింది చూసినట్టు.

కడపలో తెలుగు టీచర్ అన్నాక బ్రౌన్ దొర పేరు తలవకుండా ఉండలేదు. 1820లో మా ఊరికి వచ్చి, బంగళాలో పండితుల్ని సొంత డబ్బుతో జీతాలిచ్చి పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి, ఏ ప్రతిలో ఏ మాట ఉందో పోల్చి, సరైన పాఠం తేల్పించేవాడు. బ్రౌన్ పేరుతో ఇక్కడ భాషా పరిశోధన కేంద్రం ఉంది, పిల్లల్ని ఒకసారి తీసుకుపోయి చూపించాను కూడా. ఆ విద్య నాకు రోజూ పనికొస్తుంది. గిడుగు వారి మీద జవాబు రాయమంటే పదకొండు నోట్సుల్లో "గొడుగు రామమూర్తి 1863లో పుట్టెను" అని ఉంది. తొమ్మిది మందికి కొట్టివేతలు కూడా ఒకే చోట ఉన్నాయి. ఆ పదకొండూ పోల్చుకుంటూ పోతే రెండో బెంచీ కిటికీ పక్క పిల్లాడి దగ్గర మూలప్రతి దొరికింది. అదే పద్ధతిలో ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో తేల్చడానికి కూర్చున్నాను.

అన్ని ప్రతుల్లోనూ ఉన్నది ఇది: పెద్దాఫీసు సారు వాకిట్లో నిలబడి తలుపుకున్న అట్ట చదివాడు, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఎవరూ లేవలేదు, ఎవరూ నమస్తే చెప్పలేదు. ఆయన ఒక పిల్లాడి పక్కన వంగి, ఏం చదువుతున్నావు నాయనా అని మెల్లగా అడిగితే వాడు ఒక వేలు ఎత్తాడు. ప్రశ్న అర్థం కాలేదని కాదట, 'ఋణానుబంధం' అనే మాట అర్థం కాక. ఆయన అది పాత అర్థంలో తీసుకుని "పో నాయనా, పోయి రా" అన్నాడు. వాడు లేవడు. లేస్తే రూల్ తప్పు. ఈయన పొమ్మంటాడు, వాడు వేలు ఇంకా పైకి ఎత్తుతాడు, "పాపం, భయపడతాన్నాడు" అని ఆయన నా వైపు చూశాడు.

ఇక్కడి నుంచి ప్రతులు విడిపోతాయి. ఐదు డైరీల్లో "మేడం గుర్రు పెట్టినారు" అని ఉంది. ఒక్క డైరీలో మాత్రం "మేడం గుర్తు పెట్టినారు" అని ఉంది. ఎక్కువ ప్రతుల్లో ఉన్నంత మాత్రాన అదే సరైన పాఠం కాదని పండితులు ఊరికే అనలేదు. బాగా ఆలోచించి, రచయిత్రి స్వభావాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి, పుస్తకంలో గుర్తు పెట్టాననే పాఠాన్నే స్థిరం చేశాను. తక్కిన ఐదూ లేఖక దోషాలు.

తర్వాత ఆయన చివరి బెంచీలో కూర్చుని తొమ్మిది పేజీలు చదివాడు. రూల్ ప్రకారం. పోయేముందు గోడ మీది పట్టిక దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడని ఇరవై ఆరు డైరీల్లో ఉంది. అప్పుడు, మూడు నెలల తర్వాత మొదటిసారి, కుర్చీ వెనక్కి తిప్పి ముప్పై తొమ్మిదో వరస చూశాను.

41 నుంచి 41. మేడంకు ఈ పేజీ శానా నచ్చింది.

41 నుంచి 41. ఇంగా నచ్చుతానే ఉంది.

41 నుంచి 41. మేడం కండ్లు మూసుకొని గూడా చదువుతారు.

రోజూ నిద్రపోయానని కాదు, సగం రోజులు నోట్సులే దిద్దుకున్నాను, నమ్మితే నమ్మండి. ఆ అమ్మాయిది మాత్రం ఒక్క అక్షరం తప్పు లేదు. దస్తూరి ముత్యాల్లా ఉంది. తేదీ పైన ఉంది. మార్జిన్ రెండు వేళ్లే ఉంది. నా వరస కింద ఒక కొత్త వరస, నీలం ఇంకు, పెద్దవాళ్ల రాత: "అతిథి. 3 నుంచి 11. నచ్చింది: నిశ్శబ్దం."

మధ్యాహ్నం హెచ్ఎం సార్ పిలిపించాడు. విజిటర్స్ రిజిస్టర్ నా వైపు తిప్పి, ఏం మాట్లాడకుండా వేలు పెట్టి చూపించాడు. "పఠన సమయంలో విద్యార్థుల క్రమశిక్షణ శ్లాఘనీయం. తెలుగు ఉపాధ్యాయురాలు పుస్తకంలో పూర్తిగా లీనమై ఉండగా చూసితిని." ఆ 'లీనమై' అనే మాట మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేల్చుకోవడానికి నాకు ఇంకో ప్రతి దొరకలేదు, ఉన్నది ఆ ఒక్కటే.

"ఏం పుస్తకమమ్మా అది, అంత బాగుందా?" అన్నాడు హెచ్ఎం సార్.

"నలభై ఒకటో పేజీ దాకా బాగుంది సార్," అన్నాను.

ఆ రోజు ఐదో పీరియడ్ మొత్తం నిలబడే చదివాను, కిటికీకి ఆనుకోకుండా, టేబుల్ మీద చెయ్యి కూడా వేయకుండా. "ఇంక చాలు" అని సరిగ్గా ఇరవయ్యో నిమిషానికి అన్నాను. లీడరమ్మాయి లేచి, నా పుస్తకంలోకి తొంగి చూసి, వెనక గోడ దగ్గరికి పోయి రాసింది. ఈసారి వెంటనే తిరిగి చూశాను.

41 నుంచి 44. మేడంకు ఏం నచ్చినట్టు లేదు. కాళ్లు నొచ్చినాయంట.