పన్ను ముందా, ప్రత్యామ్నాయం ముందా?

తీర్మానం: శిలాజ ఇంధనాల నుంచి బయటపడేందుకు ప్రభుత్వాల చేతిలో ఉన్న ప్రధాన సాధనం, ఆ ఇంధనాలు వెలువరించే కార్బన్ డయాక్సైడు మీద వేసే కర్బన పన్నే. దీన్ని ధరవాది సమర్థిస్తారు; ముందు ప్రత్యామ్నాయాలను నిర్మించాలనే నిర్మాణవాది ఎదిరిస్తారు.

ధరవాది: బొగ్గును తగలబెట్టేవారు లాభాన్ని తామే ఉంచుకుని, నష్టాన్ని మాత్రం లోకమంతటికీ పంచుతున్నారు. ఆ నష్టాన్ని ధరలో కలిపితే, ఏ కర్మాగారం ఏ యంత్రాన్ని మార్చుకోవాలో అధికారులు చెప్పనక్కర్లేదు, జమాఖర్చులే చెబుతాయి. స్వీడన్ 1991లో ఈ పన్ను విధిస్తూ ఆదాయపు పన్నును తగ్గించింది. అప్పటితో పోలిస్తే అక్కడి ఉద్గారాలు బాగా తగ్గాయి, ఆర్థిక వ్యవస్థ మాత్రం పెరిగింది.

నిర్మాణవాది: స్వీడన్‌ను ఉదహరించేవారు చెప్పకుండా దాటేసే సంగతి ఒకటుంది. ఆ దేశపు కరెంటు అప్పటికే ప్రధానంగా జల, అణు విద్యుత్తు. పట్టణాల్లో ఇళ్లను వెచ్చబరిచే వేడినీటి గొట్టాలు అప్పటికే భూమిలో ఉన్నాయి. కాబట్టి పన్ను పడ్డాక బాయిలర్లలో చమురు, బొగ్గు మాని కలప వ్యర్థాలు వాడితే సరిపోయింది. మారడానికి దారి ఉన్నచోటే ధర పనిచేస్తుంది. లేనిచోట అది వట్టి జరిమానా. 2018 నవంబరులో ఫ్రాన్స్‌లో ఇంధన పన్ను పెంపు మీద ఆగ్రహంతో పసుపు చొక్కాలు వేసుకుని రోడ్డెక్కిన వారిలో చాలామంది, కారు తప్ప మరో గతి లేని ఊళ్ల నుంచి వచ్చినవారే. డిసెంబరులో ప్రభుత్వం ఆ పెంపును విరమించుకుంది.

ధరవాది: అక్కడి పొరపాటు పన్ను వేయడం కాదు, వసూలైన దానిలో అధిక భాగాన్ని ఖజానాకు మళ్లించడం. జనానికి తిరిగి ఇచ్చేసి ఉంటే అంత ఆగ్రహం రేగేది కాదు.

నిర్మాణవాది: తిరిగి ఇచ్చి చూసిన దేశం కెనడా. 2019లో టన్ను కార్బన్ డయాక్సైడుకు 20 కెనడా డాలర్లతో మొదలైన ఇంధన పన్ను 2024 నాటికి 80 డాలర్లకు చేరింది. రాబడిలో దాదాపు 90 శాతం కుటుంబాలకే వెళ్లింది, ఎక్కువ కుటుంబాలు నేరుగా కట్టినదానికంటే ఎక్కువే అందుకున్నాయి. అయితే భారం పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ కనిపించేది; వాపసు మొదట్లో ఏడాదికోసారి పన్ను లెక్కల్లో కలిసిపోయి, తర్వాత మూడు నెలలకోసారి ఖాతాలో పడేది, అదెందుకు పడిందో చాలామందికి తెలిసేది కాదు. 2025 ఏప్రిల్ 1న వినియోగదారుల మీద ఆ పన్ను ఆగిపోయింది. ఆర్థిక శాస్త్రం చెప్పినట్లే రూపొందించిన పథకం కూడా ఎన్నికల రాజకీయాలను తట్టుకోలేకపోయింది.

(ఈ వాదానికి సూటి జవాబు లేదు. ధరవాది కూడా ఇవ్వబూనలేదు, పక్కనుంచి వచ్చారు.)

ధరవాది: పరిశ్రమల మీద కర్బన ధర కెనడాలో నేటికీ ఉందని మీరు చెప్పలేదు. బ్రిటన్‌లో 2012లో కరెంటులో సుమారు 40 శాతం బొగ్గుదే. 2013 నుంచి విద్యుత్కేంద్రాల ఇంధనం మీద అదనపు కర్బన ధర పడింది. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు కేంద్రం మూతపడింది. రాయితీలు కొత్త కేంద్రాన్ని తెరవగలవేమో గాని పాతదాన్ని మూయించలేవు. పైగా అవీ శాశ్వతం కావు. స్వచ్ఛ ఇంధనాన్ని ప్రోత్సహించే అమెరికా 2022 చట్టంలోని పన్ను రాయితీల్లో చాలావాటిని, కొత్త కర్మాగారాలు తమ రాష్ట్రాలకే వస్తున్నా, ప్రజాప్రతినిధులు 2025లో కుదించారు.

నిర్మాణవాది: బ్రిటన్‌లో గ్యాస్ కేంద్రాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి, సముద్రపు గాలిమరలకు ప్రభుత్వం స్థిర ధర హామీ ఇచ్చింది, మీ ధర పనిచేసింది అందువల్లనే. అసలు చిక్కు వడ్డీలో ఉంది. సౌర, పవన కేంద్రాలకు ఇంధన ఖర్చు లేదు, ఖర్చంతా దాదాపు ముందే పెట్టాలి. సంపన్న దేశాలకు దొరికే వడ్డీకి రెట్టింపో, అంతకు మించో ఇచ్చుకునే పేద దేశంలో, చవకైన సూర్యరశ్మి సైతం ఖరీదైన కరెంటుగా మారుతుంది. బొగ్గు మీద ఎంత పన్ను వేసినా ఆ వడ్డీ తగ్గదు.

ధరవాది: తగ్గదు, ఒప్పుకుంటాను. కాని అప్పులకు పూచీ ఇచ్చి ఆ వడ్డీని తగ్గించే హామీ నిధికి సొమ్ము ఎక్కడిది? పన్ను వద్దంటే మిగిలేది అప్పు, ఆ అప్పును రేపటివారు తీర్చాలి.

నిర్మాణవాది: విద్యుత్కేంద్రాల మీద, ఉక్కు, సిమెంటు పరిశ్రమల మీద వేయండి, నేను అడ్డుచెప్పను. బస్సు నడవని ఊరి పెట్రోలు మీద మాత్రం, ఆ బస్సు వచ్చేదాకా వేయవద్దంటున్నాను.

ధరవాది: ఆ బస్సు ఏ సంవత్సరానికి వస్తుందో చట్టంలోనే రాయించండి, ఆ ఏటి నుంచే పన్ను మొదలవుతుందనీ రాయించండి; అప్పుడు ఈ తీర్మానాన్ని సవరించుకుంటాను.