క్లుప్త పఠనం గారికి దండాలు

అయ్యా క్లుప్త పఠనం గారూ,

పూజల చదివే బైబులు పఠనాలను నడుమ వచనాలు కోసి చేసిన పొట్టి రూపం గదా తమరు. మొన్న పాస్కా జాగరణకు, అదే ఈస్టరు ముందు రాత్రి పూజకు కూడ, తమరు మరువకుండ విచ్చేసిండ్రు, సంతోషం. "ఈసారి ఏడుకు ఏడు చదువుతం" అని మ్రానికొమ్మల ఆదివారం నాడు చేసిన ప్రకటన గాలికి పోయింది. పాత నిబంధన పఠనాలు ఏడింట్ల మూడు మిగిలినయి, ఆ మూడింట్ల రెండు తమరి చేతుల పడ్డయి. మైకు కాడ నిలబడ్డ పిల్లకు ఆఖరు నిమిషంల "షార్ట్‌ది చదువమ్మా" అని సైగ. ఏ వచనం కాడ ఆగాలె, యాడ దుంకాలె అని ఆ పిల్ల వెతుక్కునే లోపల పెద్దదే సగమయ్యేది.

తమరి పుట్టుక తెలువక కాదు. బైబులు బొక్కసాన్ని జనానికి ఇంకింత విశాలంగ తెరువాలని 1963ల వాటికన్ మహాసభ చెప్పింది. 1969ల వచ్చిన పఠనాల క్రమం తెరిచింది. పెద్ద పఠనాల పక్కన తమరికీ ఓ చిన్న పీట ఏసింది. పీటేస్తే మంచమెక్కిండ్రు.

మూడేండ్లకోసారి తిరిగే పఠనాల వరుసల ఈ ఏడు 'ఎ' సంవత్సరం గదా, ఈస్టరు ముందటి తపస్సుకాలమంత తమరిదే రాజ్యం. సమరియ స్త్రీ కథల ఆమె మగల లెక్క తీసేసిండ్రు, మర్యాదస్తులు అనుకుందాం. 28వ వచనంల కడవనెందుకు మాయం చేసిండ్రు? మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిన ఊళ్లున్నయి. నీళ్లకొచ్చిన ఆడామె బావికాడ కడవ ఇడిసి ఊర్లెకు పోయిందంటె, ఆ ఊళ్లల ప్రసంగం చెప్పే పని లేదు. పుట్టుగుడ్డి సువిశేషం 41 వచనాలు, తమరి దయతోని 15. "వాణ్నే అడగుండ్రి" అని భయపడి తప్పుకున్న తల్లిదండ్రులు లేరు. లాజరు కథల "మనం కూడ పోయి ఆయనతోని చద్దాం" అన్న తోమాసు లేడు. మ్రానికొమ్మల నాటి మత్తయి శ్రమల కథ తిన్నగ పిలాతు ముందర మొదలైతది. కడరా భోజనం లేదు, ముప్పై నాణేలు లేవు, కోడి కూతే లేదు.

ఇవన్నీ మింగినం. జాగరణది మాత్రం మింగుడు పడతలేదు.

చీకట్ల నిప్పు చేసి, పాస్కా వత్తి ముట్టించి, మూడుసార్లు క్రీస్తు జ్యోతి అని పాడుకుంట లోపలికొస్తిమా, తమరి మొదటి పఠనంల ఆదికాండం 1వ వచనం నుంచి 26కు దుంకుడు. వెలుగు కలుగుగాక అన్నది 3వ వచనం! వత్తులన్నీ పట్టుకున్నది ఎవల కోసం?

ఇగ ఆదికాండం 22వ అధ్యాయం, అబ్రహాము కొడుకు ఈసాకును బలియ్యబోయిన కథ. 18 వచనాలల్ల 3 నుంచి 8 దాక తీసేసిండ్రు. ఆ ఆరింట్ల ఏమున్నదో ఎన్నడన్న చూసిండ్రా? నాలుగుల మూడో దినం. ఆరుల కొడుకు భుజానికెత్తిన కట్టెలు. ఏడుల, నిప్పున్నది కట్టెలున్నయి గొర్రెపిల్ల ఏదీ అని ఈసాకు అడుగుడు. ఎనిమిదిల, దేవుడే చూసుకుంటడని తండ్రి జవాబు. జాగరణకు ముందటి రోజు శుక్రవారం నాడే గదా యోహాను శ్రమల కథల యేసు తన సిలువ తానే మోసింది, తెల్లారితే మూడో దినం! రెంటినీ కలిపే ముడి ఇదే, దాన్నే కోసిండ్రు. 13ల పొట్టేలునైతే ఉంచిండ్రు. ఎవ్వడూ అడగకముందే పొదల్ల పొట్టేలు ప్రత్యక్షం! తొమ్మిదిల కూడ సగమే ఉంచిండ్రు, పిల్లగాణ్ని కట్టేసేది కోతల పోయింది. కట్టెయ్యకుండనే కత్తి లేస్తది.

ఈ 22ల ఇంత చేసి మిగిలించింది నిమిషం, మహా అయితే నిమిషమున్నర. అదే రాత్రి ఆఖరుకు శాలువలు, చందాలిచ్చినోళ్ల పేర్లు ఇరవై నిమిషాలు. వాటికెందుకు రావు నువ్వు? వాటికి క్లుప్తం లేదా?

అవును, ఒక్క ఫాదరు మూడు నాలుగు ఊర్లు తిరగాల్నంటే నువ్వు అక్కెరకొస్తవు, కాదన. చిన్నపిల్లల పూజకు కూడ రా. జాగరణల కొయ్యక తప్పదంటె పఠనానికి పఠనమే ఇడిసిపెట్టనీ. పాత నిబంధనవి మూడు చాలని నియమమే ఒప్పుకుంటది. ఏడింట్ల ఒకటైన బారూకు పఠనాన్ని వచ్చే ఏడు ఇందాం, ఉన్నదాని పేగులు తియ్యకు.

సముద్రం చీలిన కథ, నిర్గమకాండం 14 కాడ మాత్రం నీ ఆటలు సాగయి. దాన్ని ఇడిసిపెట్టనియ్యరు, దానికి క్లుప్తం రాయనే లేదు. ధైర్యముంటే ఫరో రథాల ఎంబడి నువ్వు కూడ ఆ సముద్రంల దిగి చూడు.

ఇట్లు,
చాప మీద కాళ్లు తిమ్మిరెక్కినా ఏడూ ఇందామని కూసున్నోళ్లు