తక్కిన విషయాలు గత ఉత్తరంలోనే

బ్యాకప్ పెట్టుకున్న ప్రతి ఆఫీసులోనూ పొద్దున్నే ఒక మెయిల్ వస్తుంది. సబ్జెక్టులో 'బ్యాకప్ సక్సెస్' అని ఉంటుంది, పక్కనే ఆకుపచ్చ టిక్కు. దాన్ని తెరిచి చదివినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఆకుపచ్చగా ఉందా? ఉంది. ఇక ఆ పూటకి నిశ్చింత. మా మేనేజర్ గారైతే ఆ మెయిళ్ళకి ప్రత్యేకంగా ఒక ఫోల్డర్ పెట్టించుకుని, వచ్చినవి వచ్చినట్టే అందులోకి పోయేలా ఏర్పాటు చేయించుకున్నారు. ఆయన దృష్టిలో బ్యాకప్ అంటే ఆ ఫోల్డరే.

మా సర్వర్ గదిలో కంటికి కనిపించేది ఒకటే పెద్ద డబ్బా. అకౌంట్స్ వాళ్ళ మిషన్, హెచ్ఆర్ వాళ్ళ మిషన్, ఎవరిదో ఎవరికీ గుర్తులేని ఇంకో మిషన్, అన్నీ దాని కడుపులోనే వర్చువల్‌గా, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన వేర్వేరు కంప్యూటర్లలా నడుస్తుంటాయి. ఒక్కో మిషన్ డిస్క్ అంటే బయటి నుంచి చూస్తే ఒక్క ఫైలు, క్యూకౌ2 అనే వర్చువల్ డిస్క్ ఫార్మాట్‌లో. ఫైలే కదా, కాపీ కొడితే పోలా అనిపిస్తుంది. కొట్టొచ్చు. కాకపోతే మిషన్ నడుస్తుండగా మామూలుగా కాపీ కొడితే ఫైలు తల రాత్రి 2 గంటలది, తోక తెల్లవారుజామున 5 గంటలది వస్తుంది. ఆ తలకీ తోకకీ మధ్య సంబంధం ఉండదు.

అందుకని మా అడ్మిన్ పద్ధతిగానే వెళ్ళాడు. ముందు ఒక ఫుల్ బ్యాకప్, ఆ తర్వాత రోజూ ఇన్‌క్రిమెంటల్. అకౌంట్స్ మిషన్‌కి ఫుల్ తీస్తే 400 జీబీ, ఐదు గంటలు. ఇన్‌క్రిమెంటల్ తీస్తే 3 జీబీ, నాలుగు నిమిషాలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మేనేజర్ గారికి చూపించడమే అసలు ప్రమాదానికి నాంది.

"మరి ఇన్ని రోజులూ ఆ ఐదు గంటల దండగ ఎందుకయ్యా?" అన్నారాయన.

"ఇన్‌క్రిమెంటల్ అంటే మారినవి మాత్రమే సార్. మిగతా అంతా ఫుల్‌లోనే ఉంటుంది."

"మారినవే కదా మనకి కావాల్సింది! మారనివి ఎవడికి కావాలి?"

దీనికి జవాబు చెప్పడం వినడానికి అనిపించినంత తేలిక కాదు. పూర్వం ఊళ్ళ నుంచి వచ్చే ఉత్తరాల్లో చివర 'తక్కిన విషయాలు గత ఉత్తరంలో వ్రాసినట్లే' అని ఒక వాక్యం ఉండేది. ఇన్‌క్రిమెంటల్ ఫైలు అచ్చంగా అలాంటి ఉత్తరం. గురువారం ఉత్తరం బుధవారం ఉత్తరం చూడమంటుంది, అది మంగళవారానిది చూడమంటుంది, అలా వెనక్కి వెనక్కి వెళితే ఎక్కడో ఒక చోట అన్నీ వివరంగా రాసిన మొదటి ఉత్తరం ఉండాలి. మధ్యలో ఒక్కటి పోతే దాని ముందు తేదీ వరకే కథ తెలుస్తుంది, తర్వాతవన్నీ ఉన్నా లేనట్టే. మొదటిదే పోతే ఇక చెప్పేదేముంది, సంచీ నిండా 'తక్కిన విషయాలు' మిగులుతాయి.

అడ్మిన్ ఇదంతా బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పాడు. మేనేజర్ గారు శ్రద్ధగా విని, "అయితే ఫుల్ నెలకోసారి చాలు" అని తేల్చారు. ప్రతి నెలా 1వ తేదీ రాత్రి 2 గంటలకి ఫుల్, మిగతా రోజుల్లో అదే వేళకి ఇన్‌క్రిమెంటల్. నెలకోసారి ఫుల్ అనేది తప్పేమీ కాదు, అలా నడిపేవాళ్ళు ఉన్నారు. ఇంతవరకు ఎవరి మీదా నేరం లేదు.

అదే వారం ఇంకో మీటింగ్ జరిగింది. దానికి అడ్మిన్‌ని పిలవలేదు, స్టోరేజీ చూసుకునే పెద్దాయన్ని పిలిచారు. బ్యాకప్ డిస్క్ నిండిపోతోంది, ఏదో ఒకటి చెయ్యమన్నారు. ఆయన అనుభవజ్ఞుడు, మీటింగ్ గది దాటకముందే చేసేశారు. ఫైళ్ళు వెతికే ఫైండ్ కమాండ్, ఫైలు మారి ఎన్నాళ్ళయిందో చూసే ఎంటైమ్ +7, చివర డిలీట్. రోజూ రాత్రి 11 గంటలకి నడుస్తుంది, వారం దాటిన ఫైలు కనబడితే ఎత్తి పారేస్తుంది. ఆ కమాండ్ లెక్కలో +7 అంటే నిండు 8 రోజులు గడవాలి, కాబట్టి ఒక రోజు ఉదారంగానే ఉన్నట్టు లెక్క. ఇదీ తప్పు కాదు. ప్రపంచంలో సగం లాగ్ ఫైళ్ళు ఈ కమాండ్ చేతిలోనే కాలం చేస్తుంటాయి.

రెండు మీటింగులు, రెండు మంచి నిర్ణయాలు. రెండూ కలిసి ఏం చేశాయో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. మాకు మాత్రం 18వ తేదీ దాకా అర్థం కాలేదు. 1వ తేదీ ఫుల్ 9వ తేదీ రాత్రి 11 గంటలకి నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది. 10వ తేదీ పొద్దున మెయిల్ వచ్చింది, 'బ్యాకప్ సక్సెస్', ఆకుపచ్చ టిక్కు.

ఆ మెయిల్ అబద్ధం చెప్పిందని చాలామంది తిట్టారు గాని నేను ఒప్పుకోను. డిస్క్‌లో ఏ బ్లాకులు, అంటే ఏ ముక్కలు మారాయో గుర్తుపెట్టుకునే డర్టీ బిట్‌మ్యాప్ అనేది ఆ వర్చువల్ మిషన్ సొంత డిస్క్ ఫైల్లోనే ఉంటుంది. మామూలుగా 64 కేబీకి ఒక బిట్ చొప్పున గుర్తు పెడుతుంది. మీరు ఒక్క కామా దిద్దినా ఆ 64 కేబీ మొత్తం మారినట్టే రాసుకుంటుంది. అంత లావుగా రాసుకుంటుంది కనకే 1 టీబీ డిస్క్‌కి కూడా దాని చిట్టా 2 ఎంబీలో ఇమిడిపోతుంది. రాత్రి 2 గంటలకి దాని పని, నిన్నటి నుంచి మారినవి ఏరి బయటికి ఇవ్వడం. ఇచ్చింది. అవతల బ్యాకప్ డిస్క్‌లో పాత ఫుల్ ఉందా, ఊడిందా అని అది తొంగి చూడదు, చూడమని ఎవరూ చెప్పలేదు. ఉత్తరం రాయమన్నారు, రాసింది. పాత ఉత్తరాలు ఎలకలు కొట్టేశాయేమో కనుక్కోవడం దాని ఉద్యోగం కాదు.

మధ్యలో ఒక చిన్న హెచ్చరిక వచ్చింది కూడా. 12వ తేదీ ఇన్‌క్రిమెంటల్ 3 జీబీ రావాల్సింది 180 జీబీ వచ్చింది. మేనేజర్ గారు అడ్మిన్‌ని పిలిచి, "అకౌంట్స్ మేడమ్ గారి సెక్షన్‌లో ఆ రోజు అందరూ సెలవు. మనుషులే లేకపోతే 180 జీబీ ఎవరు మార్చారయ్యా?" అన్నారు. విచారిస్తే, మిషన్ నెమ్మదిగా ఉందని ఎవరో వెళ్తూ వెళ్తూ లోపల డిస్క్‌ని సర్దే డీఫ్రాగ్ పెట్టి వెళ్ళారు. ఫైళ్ళన్నీ అవే, ఒక్క అక్షరం మారలేదు, కాకపోతే ఇక్కడివి అక్కడికీ అక్కడివి ఇక్కడికీ సర్దుకున్నాయి. బిట్‌మ్యాప్‌కి ఫైళ్ళు తెలియవు, బ్లాకులే తెలుసు. కదిలిందల్లా మారినట్టే. ఆ రోజు ఎవరైనా బ్యాకప్ డిస్క్‌లోకి వెళ్ళి ఆ ఫైలు పక్కన ఏముందో చూసి ఉంటే బాగుండేది. చూడలేదు. డీఫ్రాగ్ బంద్ అని ఒక సర్క్యులర్ వెళ్ళింది, అంతే.

18వ తేదీ గురువారం పదింటికి అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేశారు. "బాబూ, ఆడిట్‌కి పంపాల్సిన షీట్ మా అమ్మాయి పొరపాటున షిఫ్ట్ డిలీట్ కొట్టేసింది. మంగళవారం నాటిది ఉన్నా చాలు."

అడ్మిన్ మొహం వెలిగిపోయింది. బ్యాకప్ మనిషికి జీవితంలో ఇలాంటి ఫోన్లు అరుదు. "అరగంటలో మీ ముందుంటుంది మేడమ్" అన్నాడు. మేనేజర్ గారు కూడా వచ్చి వెనకాల నిలబడ్డారు. కొత్తగా చేరిన కుర్రాడు నోట్‌బుక్కు తెచ్చుకున్నాడు.

16వ తేదీ ఫైలు, దాని వెనక 15, దాని వెనక 14. రీబేస్ కమాండ్‌తో ఒక్కోదానికీ వెనక ఏముందో పేరు రాస్తూ పోయాడు. అందులో 'యూ' అనే ఆప్షన్ ఉంది. వెనక ఫైలు తెరిచి సరిచూడకుండా పేరు మాత్రం రాసేస్తుంది, బాధ్యత మనదే. చకచకా సాగింది. 10వ తేదీ ఫైలు దాకా వచ్చి, దాని వెనక 9వ తేదీ పేరు కొట్టి, ఎంటర్ నొక్కి, అన్నీ కలిపి ఒక్క డిస్క్‌గా మార్చమని కన్వర్ట్ కమాండ్ ఇచ్చాడు. 'కుడ్ నాట్ ఓపెన్ బ్యాకింగ్ ఫైల్' అంది. దాని కింద, 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'.

"స్పెల్లింగ్ చూడయ్యా" అన్నారు మేనేజర్ గారు.

స్పెల్లింగ్ చూశారు. ఫోల్డర్ చూశారు. 10 నుంచి 18 దాకా తొమ్మిది ఫైళ్ళు బుద్ధిగా వరసలో ఉన్నాయి. వాటికి ముందు ఏమీ లేదు. కుర్రాడు మెల్లగా, "అన్నా, ఫుల్ ఏ ఫోల్డర్‌లో ఉంటుంది?" అని అడిగాడు. వాడు నేర్చుకుందామనే అడిగాడు పాపం, కానీ ఆ గదిలో అప్పుడు ఆ ప్రశ్న అడగాల్సింది కాదు.

స్టోరేజీ పెద్దాయన్ని పిలిపించారు. ఆయన ఏమాత్రం తొణకలేదు. "వారం దాటినవి తీసెయ్యమన్నారు, తీసేశాను. ఏవి ఉంచాలో చెప్పలేదు. పైగా అది 400 జీబీ, అన్నిటికంటే పాతది. ఎవరైనా ముందు దాన్నే తీస్తారు." ఇందులో ఒక్క మాట కూడా కొట్టిపారేయలేం.

అడ్మిన్ ఊరట కోసం, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సైటు కథ ఎత్తుకున్నాడు. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు అర్ధరాత్రి వేళ పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. 300 జీబీ దాకా పోయింది. తీరా బ్యాకప్పులు వెతికితే రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో ఫెయిల్ అవుతోందని, ఫెయిల్ అయినట్టు చెప్పే మెయిళ్ళని మెయిల్ సర్వరే తిప్పికొడుతోందని తేలింది. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డేటా ఉన్నది ఉన్నట్టు తీసిన ఫొటో లాంటిది, ఒకటి దిక్కయింది. ఆ రికవరీని వాళ్ళు యూట్యూబ్‌లో లైవ్ కూడా పెట్టారు.

"వాళ్ళు పోగొట్టుకుంటే పేరొచ్చింది. మనం పోగొట్టుకుంటే మెమో వస్తుంది" అన్నారు మేనేజర్ గారు.

ఇంతలో మేడమ్ రెండోసారి ఫోన్ చేశారు. అరగంట దాటింది కదా. అడ్మిన్ ఫోన్ ఎత్తకుండా దాని వంక చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆవిడే పైకి వచ్చి, సంగతి విని, గట్టిగా ఏమీ అనకుండా మేనేజర్ గారి వైపు తిరిగారు. "ఆ షీట్ అప్రూవల్ కోసం సోమవారమే మీకు మెయిల్ పెట్టాను కదండీ. మీరింకా చూడలేదా?"

చూడలేదు. ఆయన ఇన్‌బాక్స్‌లో ఉంది, అటాచ్‌మెంట్‌తో సహా, తెరవని బోల్డ్ అక్షరాల్లో. ఆయన ఇన్నేళ్ళుగా మెయిళ్ళు చదవకపోవడం వల్ల ఆఫీసుకి జరిగిన ఒకే ఒక్క మేలు అది. "చూశావా, అందుకే నేనేదీ డిలీట్ చెయ్యను" అన్నారాయన అడ్మిన్‌తో.

మర్నాడు కొత్త ఆర్డరు వచ్చింది, ప్రతిరోజూ ఫుల్. మూడో రాత్రికి డిస్క్ నిండింది, మెయిల్ ఎర్రగా వచ్చింది. అది కూడా ఆ ఫోల్డర్‌లోకే పోయింది. ఆ తర్వాత ఎవరూ మీటింగ్ పెట్టకముందే అడ్మిన్ తనంతట తాను సరిచేశాడు. ఆదివారం ఆదివారం ఫుల్, మిగతా రోజుల్లో ఇన్‌క్రిమెంటల్, కొత్త ఫుల్ పూర్తయి సరిచూశాకే పాత ఫుల్‌నీ దాని పిల్లల్నీ కలిపి ఒకే కట్టగా తీసేసే స్క్రిప్టు. ఫైండ్ కమాండ్‌ని పెద్దాయన చేతే తీయించాడు. లోపలి మిషన్‌లో గెస్ట్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా పెట్టించాడు. కాపీ మొదలయ్యే క్షణంలో అది ఫైల్ సిస్టమ్‌ని ఊపిరి బిగబట్టమంటుంది, అంటే కాసేపు రాతలు ఆపమంటుంది. అది లేకపోతే వచ్చేది కరెంటు పోయినప్పటి స్థితి, రీస్టోర్ చేశాక దేవుడి దయ.

మేనేజర్ గారికి ఇంకా తృప్తి కలగలేదు. మార్చి 31 ప్రపంచ బ్యాకప్ దినోత్సవమని ఎక్కడో చదివారు. మరుసటి రోజు ఫూల్స్ డే కాబట్టే ఆ తేదీ ఎంచుకున్నారని కూడా చదివారు. అందుకని ఆ రోజే అందరి ముందూ రీస్టోర్ ట్రయల్ జరగాలన్నారు. ఆలోచన నిజంగా మంచిదే, ఒప్పుకోవాలి. తిరిగి లేపి చూడని బ్యాకప్‌ని నేను కూడా నమ్మను.

పని కుర్రాడికి అప్పగించారు. వాడు నోట్‌బుక్కు ముందు పెట్టుకుని, ఫుల్‌కి ఇన్‌క్రిమెంటళ్ళు వరసగా తగిలించి, మూలన ఖాళీగా ఉన్న పాత సర్వర్‌లో అకౌంట్స్ మిషన్‌ని లేపాడు. లేచింది. లాగిన్ స్క్రీన్ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటో దిగారు. అదే పేరు, నెట్‌వర్క్‌లో మిగతా కంప్యూటర్లు పట్టుకునే అదే ఐపీ, అదే మ్యాక్ అడ్రస్, కేబుల్‌తో సహా. అచ్చం అసలు మిషనే.

అచ్చం అసలు మిషనే కావడంతో అకౌంట్స్‌లో సగం మంది కంప్యూటర్లు దాన్నే పట్టుకున్నాయి. సగం మంది అసలు దానిలో, సగం మంది మూలన ఉన్న దానిలో, మధ్యాహ్నం దాకా శ్రద్ధగా వోచర్లు ఎక్కించారు. ఆ నెలకి అదే ఆఖరి రోజు, ఆ సంవత్సరానికీ అదే.

మూడింటికి మేడమ్ ఫోన్. "బాబూ, పొద్దున్న ఎక్కించినవి సగం కనబడటం లేదు."

అడ్మిన్‌కి ఒక్క క్షణంలో అర్థమై, కుర్రాడి వైపు తిరిగాడు. "ఆ ట్రయల్ మిషన్ ఉందా, ఆపావా?"

"ఆపడమేంటన్నా, ట్రయల్ అయిపోయింది కదా అని డిస్క్‌తో సహా శుభ్రంగా తీసేశాను. జాగా వేస్ట్ అవుతుందని."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేనేజర్ గారే ముందుగా తేరుకున్నారు.

"పోనీ, ఆ కాపీ మిషన్‌కి బ్యాకప్ తీశారా, లేదా?"